వియత్నాం కోడి వంట: నూనె లెక్క కంటే ఉప్పు లెక్క ముఖ్యం

ప్రశ్న: గత వేసవిలో మా అమ్మాయి కుటుంబంతో కలిసి వియత్నాంలోని దా నాంగ్, హోయ్ ఆన్ చూసి వచ్చాం. అక్కడ తిన్న నిమ్మగడ్డి కోడి వేపుడు, పచ్చి ఆకులు, పల్చటి సూప్ మా వారికి బాగా నచ్చాయి. ఎంత తిన్నా కడుపు బరువుగా అనిపించలేదని ఇప్పటికీ అంటుంటారు. ఇంటికి వచ్చాక ఒక వీడియో చూసి, అరకిలో చికెన్‌కు మూడు టేబుల్ స్పూన్ల ఫిష్ సాస్, రెండు టేబుల్ స్పూన్ల సోయా సాస్, నాలుగు టేబుల్ స్పూన్ల చక్కెర వేసి చేశాను. నంజుకోవడానికి మరో మూడు టేబుల్ స్పూన్ల ఫిష్ సాస్‌తో సాస్ కలిపాను. నలుగురం తిన్నాం. రుచిగానే ఉంది గాని రాత్రంతా ఒకటే దాహం. మా వారికి 58 ఏళ్ళు, బీపీకి మాత్రలు వాడుతున్నారు, షుగర్ కూడా హద్దు మీద ఉందని డాక్టరు గారు హెచ్చరించారు. ఫిష్ సాస్ బదులు సోయా సాస్ వాడితే మంచిదా? ఆలివ్ నూనె కొనాలా? బ్రెస్ట్ ముక్కలే తీసుకోవాలా? అన్నం మానేసి రైస్ నూడుల్స్ పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మీ ప్రశ్నలు ఎక్కువగా నూనె, మాంసం, అన్నం చుట్టూ తిరిగాయి గాని, ఆ రాత్రి మీ ఇంటిల్లిపాదికీ దాహం వేయడానికి కారణం ఆ మూడూ కాదు, ఉప్పు. ఒక టేబుల్ స్పూను ఫిష్ సాస్‌లో, సీసాను బట్టి, సుమారు 1,300 నుంచి 1,500 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. అంతే సోయా సాస్‌లో సుమారు 900 ఉంటుంది. మీరు రాసిన కొలతలు కూడితే మొత్తం సుమారు 10,000 మిల్లీగ్రాములు అవుతోంది. నంజుకునే సాస్ కొంత గిన్నెలోనే మిగిలిపోయిందనుకున్నా, మనిషికి 2,000కు అటూ ఇటూగా లోపలికి వెళ్ళినట్టే. పెద్దవాళ్ళకు రోజు మొత్తం మీద 2,000 మిల్లీగ్రాముల సోడియం, అంటే 5 గ్రాముల ఉప్పు, మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొద్దున చట్నీలోనూ, మధ్యాహ్నం పప్పులోనూ ఆవకాయలోనూ తిన్న ఉప్పు దీనికి అదనమని గుర్తుంచుకుంటే, బీపీ ఉన్న మనిషికి ఆ వీడియో వంట ఎందుకు పనికిరాదో మీకే అర్థమవుతుంది.

ఇక మీ వారికి అక్కడ కడుపు తేలికగా అనిపించడానికి కారణం చెబుతాను. అక్కడి వేపుడులో ఉప్పు తక్కువని కాదు. వియత్నాంలో కూడా మాంసం కూరను ఉప్పగా, కొంచెం తియ్యగా, ఘాటుగానే చేస్తారు. అయితే ఇంటి భోజనంలో ఆ కూర పళ్ళెం చిన్నది. అన్నం గిన్నెలతో పాటు ఒక ఉప్పటి కూర, ఒక పెద్ద గిన్నెడు పల్చటి సూప్, ఉడికించిన లేదా వెల్లుల్లితో వేయించిన ఆకుకూర, పచ్చి ఆకుల పళ్ళెం, మధ్యలో అందరికీ కలిపి ఒక చిన్న గిన్నెలో నంజుకునే సాస్, ఇదీ అక్కడి ఇంటి భోజనపు అమరిక. నలుగురూ కలిసి అరకిలో మాంసం తింటే, దానికి రెట్టింపు కూరలూ ఆకులూ సూపూ లోపలికి వెళతాయి. వీడియోలు చూసి చేసేటప్పుడు మనం ఆ ఒక్క కూరనే పట్టుకుంటాం, చుట్టూ ఉన్నవి వదిలేస్తాం, ఆ కూరనే మన వేపుడులాగా నిండుగా వడ్డించుకుంటాం. కాబట్టి మీరు మార్చవలసింది కూర తయారీని కొంత, పళ్ళెంలో పాళ్ళను చాలా.

ముందు ఫిష్ సాస్ సంగతి తేల్చుకుందాం. దాన్ని తీసేసి సోయా సాస్ వేస్తే చెంచాకు సోడియం కొంత తగ్గే మాట నిజమే గాని, రుచి చాలక మరో చెంచా పోస్తాం, లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. పైగా అది వియత్నాం వంటలాగా కాక చైనా వేపుడులాగా తయారవుతుంది. నా సలహా ఏమిటంటే ఫిష్ సాస్ ఉంచండి, మంచిది కొనండి, తక్కువ వేయండి. విశాఖలో నెత్తళ్ళు ఎరగని ఇల్లు ఉండదు. ఆ జాతి చిన్న చేపలనే ఉప్పుతో కలిపి, పెద్ద చెక్క తొట్టెల్లో ఏడాది పాటు ఊరబెట్టి, కిందికి దిగిన ద్రవాన్ని వడకడితే వచ్చేదే వియత్నాంలోని ఫూ కువాక్ ద్వీపపు ఫిష్ సాస్. ఆ పేరుకు ఐరోపా సమాఖ్య 2012లో ప్రాంతీయ గుర్తింపు రక్షణ కూడా ఇచ్చింది. సీసా వెనక చూస్తే చేపలు, ఉప్పు, మహా అయితే కొంచెం చక్కెర మాత్రమే ఉండాలి. రంగులు, రుచి పెంచే పొడులు వరుసగా రాసి ఉంటే పక్కన పెట్టేయండి. కొన్ని సీసాల మీద 30, 35, 40 అనే అంకె, పక్కన ఎన్ అనే అక్షరం ఉంటాయి. అది లీటరుకు ఎన్ని గ్రాముల నత్రజని ఉందో చెప్పే అంకె, అంటే చేప సారం ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత. అంకె పెద్దదైతే రుచి గాఢంగా ఉంటుంది, ఒక చెంచాతోనే పని జరుగుతుంది. ఖరీదు ఎక్కువే గాని, సీసా చాలా కాలం వస్తుంది.

ఇప్పుడు కూర. నలుగురికి అరకిలో చికెన్ చాలు. బ్రెస్టే తీసుకోవాలన్న నియమం లేదు. తోలు తీసిన తొడ మాంసంలో కొవ్వు బ్రెస్ట్ కంటే కొంచెం ఎక్కువ, కానీ ఒక మనిషి వాటాకు ఆ తేడా కొద్ది గ్రాములే. పైగా బ్రెస్ట్ ముక్క నిమిషం ఎక్కువ ఉడికితే పీచులా అయిపోతుంది, దాన్ని మింగడానికి సాస్ ఎక్కువ పోసుకుంటాం. ఎముక తీసిన తొడ ముక్కలను బొటనవేలంత పరిమాణంలో కోయించండి, తోలు మాత్రం తప్పకుండా తీయించండి. వేపుడుకు నాటుకోడి వద్దు, ఇంత తక్కువ సమయంలో అది ఉడకదు. దానికి వేరే దారి ఉంది, తరువాత చెబుతాను.

నిమ్మగడ్డి దగ్గరే చాలామంది తడబడతారు. మన దగ్గర టీ కోసం అమ్మేవి పొడవాటి ఆకులు. వాటితో ఈ కూర రాదు. కావలసింది మొక్క అడుగున ఉల్లికాడలా తెల్లగా, గట్టిగా ఉండే కాడ. కుండీలో పెంచుకుంటే ఇబ్బందే లేదు, దుబ్బు నుంచి లావాటి కాడలు రెండు మూడు వేరు దగ్గర తుంచుకోవచ్చు. పైన ఉన్న గరుకు పొరలు రెండు ఒలిచేసి, అడుగు నుంచి జానెడు కంటే తక్కువ భాగం ఉంచుకుని, పైభాగాన్ని సూప్ కోసం పక్కన పెట్టండి. ఆ తెల్ల భాగాన్ని ముందు కాగితమంత పల్చని చక్రాలుగా కోయాలి, తరువాత ఆ చక్రాలను కత్తితో అటూ ఇటూ కొడుతూ రవ్వలా చేయాలి. చక్రం లోపల లేత ఊదా రంగు వలయం కనబడితే కాడ లేతగా ఉన్నట్టు. కత్తి కింద కరకరమని పీచు సాగుతుంటే ముదిరినట్టు, దాన్ని రోట్లో దంచుకోవడమే మేలు. ఈ పని నిదానంగా చేయకపోతే కూర తిన్నంతసేపూ పళ్ళ సందుల్లో పీచు తీసుకుంటూ కూర్చోవాలి. మిక్సీలో నీళ్ళు పోసి ముద్ద చేయకండి. ఆ తడికి ముక్కలు వేగకుండా ఉడికిపోతాయి.

రవ్వలా చేసిన నిమ్మగడ్డి మూడు టేబుల్ స్పూన్లు, సన్నగా తరిగిన వెల్లుల్లి రెబ్బలు నాలుగు, సాంబారు ఉల్లిపాయలు నాలుగైదు, పసుపు అర టీ స్పూను, మిరియాల పొడి, పండుమిరపకాయ ముక్కలు, ఫిష్ సాస్ ఒక్క టేబుల్ స్పూను మాత్రమే ముక్కలకు పట్టించి అరగంట ఉంచండి. వేరే ఉప్పు వద్దు. ఆ ఒక్క చెంచాతో ఎలా సరిపోతుందని మీకు అనుమానం రావచ్చు. నిమ్మగడ్డి, మిరప, మిరియం, చివర్లో నిమ్మరసం కలిసి ఉప్పు తక్కువైన లోటు తెలియనివ్వవు. పైగా పులుపు నాలుకకు తగిలినప్పుడు ఉప్పు ఉన్నదానికంటే ఎక్కువగా తోస్తుంది. ఇది మన పప్పుచారు చేసే ప్రతివారికీ తెలిసిన విద్యే.

వేయించేటప్పుడు వెడల్పాటి ఇనుప మూకుడు గాని మందపాటి పాన్ గాని బాగా వేడెక్కనిచ్చి, ఒక టేబుల్ స్పూను నూనె పోసి, ఒక టీ స్పూను చక్కెర చల్లి, అది కరిగి తేనె రంగు దాటి ఎర్రమట్టి రంగుకు వచ్చేదాకా ఆగండి. వియత్నాం వంటల్లో మాంసానికి వచ్చే ఆ ముదురు రంగు సోయా సాస్‌ది కాదు, ఈ మాడ్చిన చక్కెరది. చక్కెర ఎంత ముదిరితే తీపి అంత తగ్గి సన్నని చేదు వస్తుంది. అందుకే ఒక చిన్న చెంచాతోనే రంగూ రుచీ రెండూ వస్తాయి, మీరు వేసిన నాలుగు టేబుల్ స్పూన్లు, అంటే సుమారు 50 గ్రాములు, అక్కరలేదు. పొగ లేచేదాకా మాత్రం ఉంచకండి. ముక్కలను ఒక వరుసలో, ఒకదానికొకటి తగలకుండా పరిచి, రెండు మూడు నిమిషాలు కదపకుండా వదిలేయండి. మనకు గరిటె పెట్టి తిప్పుతూ ఉండటం అలవాటు. ఇక్కడ అదే పొరపాటు, తిప్పిన కొద్దీ నీరు ఊరి ముక్క ఉడికిన రుచి వస్తుంది. అడుగు ఎర్రగా కాలాక తిప్పి, రెండో వైపూ కాల్చి, రెండు టేబుల్ స్పూన్ల నీళ్ళు చల్లి మూత పెట్టి మరో నాలుగైదు నిమిషాలు ఉంచితే చాలు. లావాటి ముక్కను కోసి చూస్తే లోపల గులాబీ రంగు ఉండకూడదు; వంట థర్మామీటరు ఉంటే 74 డిగ్రీలు చూపాలి. మొత్తం ముక్కలు ఒకేసారి పట్టకపోతే రెండు వాయిలుగా చేయండి.

నూనె విషయం ఇక్కడే చెప్పేస్తాను. ఆలివ్ నూనె కోసం డబ్బు పెట్టవద్దు. మీ ఇంట్లో ఉన్న వేరుశనగ నూనె ఈ వేడికి చక్కగా నిలుస్తుంది, కోడికీ నిమ్మగడ్డికీ రుచి కుదురుతుంది. ఒక టేబుల్ స్పూను నూనెలో సుమారు 120 కేలరీలుంటాయి, ఏ నూనె అయినా ఇంచుమించు అంతే. తేడా వచ్చేది ఎన్ని చెంచాలు పోశామన్న దగ్గర. వియత్నాం ఇళ్ళలో పూర్వం పంది కొవ్వే వాడేవారు. అది వదిలేసి వేరే నూనెలకు మారినా వంట రుచి చెడిపోలేదు, కాబట్టి మీరూ నిశ్చింతగా ఉండవచ్చు.

నంజుకునే సాస్‌ను అక్కడ నుక్ చామ్ అంటారు. వీడియోల్లో దీన్ని చిక్కగా చూపిస్తారు గాని, ఇళ్ళల్లో కలిపేది నిజానికి చాలా పల్చన, అందులో నీళ్ళదే పెద్ద వాటా. ఆరు టేబుల్ స్పూన్ల గోరువెచ్చని నీళ్ళలో రెండు టీ స్పూన్ల చక్కెర కరిగించి, రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసం, ఒక టేబుల్ స్పూను ఫిష్ సాస్ కలిపి, సన్నగా తరిగిన వెల్లుల్లి, ఎర్ర మిరపకాయ చివర్లో వేస్తే అవి పైన తేలుతుంటాయి. రుచి చూసినప్పుడు ముందు పులుపు, వెనకే ఉప్పు తగలాలి. చిన్న గిన్నెలో పెట్టి ఆకులనూ ముక్కలనూ అంచు మాత్రమే ముంచుకుని తినాలి. అన్నం మీద పోసుకుంటే మన కష్టమంతా వృథా.

సూప్‌కు ప్రత్యేకంగా రాళ్ళెత్తవలసిన పని లేదు. తొడ నుంచి తీసిన ఎముకలు, మీరు పక్కన పెట్టిన నిమ్మగడ్డి పైభాగం ముడి వేసి, అల్లం ముక్క, లీటరున్నర నీళ్ళు కలిపి చిన్న మంట మీద ముప్పావు గంట కాచి, పైన తేలిన నురుగూ కొవ్వూ తీసేయండి. అందులో సొరకాయ గాని బూడిద గుమ్మడి గాని బచ్చలికూర గాని వేసి ఉడికించాలి. ఈ మూడూ వియత్నాంలో నిత్యం సూప్‌లో వేసే కూరలే, మన పెరట్లోవే అక్కడ కూడా. ఒక టీ స్పూను ఫిష్ సాస్, గుప్పెడు కొత్తిమీర, ఉల్లికాడలు వేసి దించేయండి. అక్కడి దుకాణాల్లో, ఇప్పుడు మన సూపర్ మార్కెట్లలోనూ దొరికే సూప్ రుచి పొడులు, ఘనాలు వేయకండి. వాటిలో మొదటి దినుసు చాలా వరకు ఉప్పే. ఈ పాళ్ళన్నీ కలిపి, నంజుకునే సాస్ చివరి బొట్టు దాకా పూర్తిచేసినా, ఫిష్ సాస్ నుంచి మనిషికి సోడియం సుమారు 800 మిల్లీగ్రాములు, కలిపిన చక్కెర 3 గ్రాములే వస్తాయి.

ఆకుకూరకు వియత్నాంలో అన్నిటికంటే ఎక్కువగా వాడేది మన తూటికూరే. ఉప్పు వేయని మరిగే నీళ్ళలో నిమిషం ముంచి తీసి, వెల్లుల్లి వేసిన అర చెంచా నూనెలో తిప్పితే సరిపోతుంది. అయితే మురుగు కలిసే చెరువుల్లో పెరిగినది కొనకండి. నమ్మకమైన చోట దొరకకపోతే పాలకూరతో సరిపెట్టుకోండి. గట్ల మీద ఊదా పూలతో పెరిగే లొట్టపీసు మొక్క దీని బంధువే గాని అది విషం, రెంటినీ కలగలపకూడదు. పచ్చి ఆకుల పళ్ళెంలో పుదీనా, కొత్తిమీర, దోసకాయ చీలికలు, క్యారట్ తురుము పెట్టండి. అక్కడ మీరు తిన్న సోంపు వాసన తులసి మన పూజ తులసి కాదు. సబ్జా గింజలిచ్చే రుద్రజడ ఆకులు దానికి దగ్గరగా ఉంటాయి. ఆకులను రెండు మూడు నీళ్ళు మార్చి కడిగి, తడి ఆరనివ్వాలి. వర్షాకాలంలో అనుమానంగా ఉంటే మరుగుతున్న నీళ్ళు పోసి వెంటనే వంచేయండి. పెసర మొలకలు కూడా పచ్చివి పెట్టవద్దు, బాగా ఉడికించాకే పెట్టండి.

అన్నమా నూడుల్సా అన్న ప్రశ్నకు నా జవాబు కొంచెం నిరాశ కలిగించవచ్చు. రైస్ నూడుల్స్ అంటే పాలిష్ పట్టిన బియ్యపు పిండే. షుగర్ హద్దు మీద ఉన్నవారికి అది అన్నం కంటే పెద్దగా మేలేమీ చేయదు. తేలికగా ఉన్నట్టు అనిపించేది అందులో నీరు ఎక్కువ కావడం వల్ల. ఏది తిన్నా మీ వారికి ఒక కప్పు, అంటే వండాక సుమారు 150 గ్రాములు, మించకుండా పెట్టి, సగం పళ్ళెం కూరలతో నింపండి. నూడుల్స్ రోజున గిన్నె అడుగున దోసకాయ, క్యాబేజీ తురుము, ఆకులు పరిచి, వాటి మీద గుప్పెడు నూడుల్స్, ఆపైన కోడి ముక్కలు పెట్టండి. ముడిబియ్యం ఇష్టమైతే వాడండి, పీచు కొంత పెరుగుతుంది. ఇష్టం లేని మనిషికి బలవంతంగా పెట్టి వంట మీదే విరక్తి కలిగించవద్దు. అన్నట్టు, మీరు హోయ్ ఆన్‌లో పసుపు రంగు అన్నం మీద చీరిన కోడి తిని ఉంటారు. ఆ అన్నం కోడి కొవ్వులో బియ్యం వేయించి, కోడి ఉడికిన నీళ్ళతో వండినది; రుచి అందులోంచే వస్తుంది, కేలరీలు కూడా. దాన్ని పండుగలకు ఉంచుకోండి.

నాటుకోడికి వేరే దారి ఉందన్నాను కదా. వియత్నాంలో పండుగకూ పూజకూ నాటుకోడిని ఏ మసాలా లేకుండా అల్లం, ఉల్లిపాయతో ఉడికించి, ముక్కలు చేసి, దారాల్లా తరిగిన నిమ్మాకు చల్లి పెడతారు. మజ్జిగలో దబ్బాకు వేసుకునే మనకు ఆ వాసన కొత్త కాదు. నా దృష్టిలో మీ ఇంటికి తరచుగా చేయదగినది వేపుడు కంటే ఇదే, ముఖ్యంగా సలాడ్ రూపంలో. కోడిని నీళ్ళలో మునిగేలా వేసి, నీరు మరగడం మొదలయ్యాక మంట బాగా తగ్గించి, బుడగ పైకి వచ్చీరానట్టు ఉండే వేడి మీద ఉడికించి, అదే నీళ్ళలో గోరువెచ్చబడనిచ్చి, తోలు తీసేసి వేళ్ళతో చీరుకోండి. నాటుకోడికి గంట పైనే పడుతుంది, ఫారం కోడి తొడలకు అరగంట చాలు. సన్నగా తరిగి చల్లటి నీళ్ళలో నానబెట్టిన క్యాబేజీ, క్యారట్, నిమ్మరసంలో ఊరిన ఉల్లిపాయ చక్రాలు, నలిపిన పుదీనా కలిపి, పైన చెప్పిన నంజుకునే సాస్‌లో నీళ్ళు సగానికి తగ్గించి అదే పోసి కలపాలి. వేయించి కచ్చాపచ్చాగా దంచిన ఉప్పు లేని వేరుశనగ గింజలు రెండు టేబుల్ స్పూన్లు పైన చల్లండి. దీనికి నూనె చుక్క అక్కరలేదు. ఉడికించిన నీళ్ళు సూప్‌కు సిద్ధంగా ఉంటాయి.

ఒక హెచ్చరిక ఉంది. బజారులో సోడియం తక్కువ ఉప్పు పేరుతో అమ్మేవాటిలో చాలా వరకు పొటాషియం లవణం కలుపుతారు. బీపీకి వాడే కొన్ని మాత్రలు ఒంట్లో పొటాషియాన్ని పెంచుతాయి, మూత్రపిండాల సమస్య ఉన్నవారికి కూడా అది ప్రమాదం. మీ వారు వాడే మాత్రల పేరు డాక్టరు గారికి చూపి అడగకుండా ఆ ఉప్పు ఇంట్లోకి తేవద్దు. ఇక ఫిష్ సాస్ సీసా తెరిచాక మూత గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో పెడితే రంగూ వాసనా మారకుండా నెలల తరబడి ఉంటుంది. అడుగున గాజు ముక్కల్లా కనిపించేవి ఉప్పు పలుకులే, భయపడనక్కరలేదు. మిగిలిన కోడి ముక్కలను రెండు గంటల లోపే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బాగా వేడి చేసి పైన చెప్పిన క్యాబేజీ సలాడ్‌లో కలుపుకోండి.